లెక్కలోకి రాని నష్టం

అరటిపండు లేకుండా మనకు తాంబూలం లేదు, నోము లేదు, పెళ్ళి లేదు. రోజంతా కూలికి పోయి వచ్చే తల్లి, కొంగున ముడివేసుకున్న డబ్బులతో పిల్లలకు కొనగలిగే పండు కూడా ఎక్కువసార్లు అదే. అలాంటి పండు గురించి స్త్రీల హక్కుల పత్రికలో సంపాదకీయం ఏమిటని కొందరు అడగవచ్చు. పండు గురించి కాదు, దాని ధర గురించి రాయదలచుకున్నాను. మధ్య అమెరికాలో కాసిన అరటిపండు ఓడల్లో వేల మైళ్ళు ప్రయాణం చేసి కూడా అమెరికా, యూరప్ దుకాణాల్లో అన్నిటికంటే చవకైన పండ్లలో ఒకటిగా అమ్ముడుపోతోంది. అంటే దానికయ్యే అసలు ఖర్చులో కొంత భాగాన్ని కొనేవాళ్ళూ కట్టడం లేదు, అమ్మేవాళ్ళూ కట్టడం లేదు. వేరే ఎవరో తమ ఒంటితో, తమ నీళ్ళతో, తమ పిల్లల ఆరోగ్యంతో కడుతున్నారు. వాళ్ళెవరో, వాళ్ళు కడుతున్నది ఏ లెక్కలోకీ ఎందుకు రావడం లేదో మనం చర్చించాలి. మన రాయలసీమ మెట్టభూముల్లో అదే రకం అరటి ఎగుమతి కోసం విస్తరిస్తున్నప్పుడు ఇది ఎక్కడిదో దూరపు కథ అనుకోవడానికి లేదు.

ముందుగా ఒక మాట. పెరట్లో పిలకలేసే అరటి గురించి గానీ, కొబ్బరి తోటలో అంతరపంటగా అరటి వేసుకునే కోనసీమ చిన్న రైతు గురించి గానీ నేను మాట్లాడటం లేదు. వేల ఎకరాలు ఒకే కంపెనీ చేతిలోనో, ఒకే కొనుగోలుదారు షరతుల కిందో ఉండి, ఒకే రకం మొక్క, ఒకే పొడవు కాయ, ఓడ వేళకు కోత అనే పద్ధతిలో సాగే పండ్ల వ్యవసాయం గురించి మాట్లాడుతున్నాను.

అరటిలో ఈ పద్ధతి బలపడింది మధ్య అమెరికాలో, దాని చుట్టుపక్కల దేశాల్లో. 1899లో ఏర్పడిన యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ గ్వాటెమాలా, హోండూరాస్, కోస్టారికా, కొలంబియా దేశాల్లో లక్షల ఎకరాల భూములతో బాటు రైలు మార్గాలను, రేవులను కూడా గుప్పిట్లో పెట్టుకుంది. 1928లో కొలంబియాలోని సియెనాగా ప్రాంతంలో అరటి తోటల కార్మికులు సమ్మె చేశారు. వాళ్ళడిగినవి గొంతెమ్మ కోరికలేమీ కావు. వారానికి ఆరు రోజుల పని, రోజుకు ఎనిమిది గంటలు, కూలి కంపెనీ చీటీల్లో కాకుండా డబ్బు రూపంలో ఇవ్వడం. డిసెంబరులో సైన్యం వాళ్ళ మీద కాల్పులు జరిపింది. ఎంతమంది చనిపోయారో ఈనాటికీ తేలలేదు. 1952లో గ్వాటెమాలా ప్రభుత్వం భూసంస్కరణల చట్టం చేసి కంపెనీ బీడుపెట్టిన భూములను పేదలకు పంచబోయింది. 1954లో అమెరికా గూఢచారి సంస్థ నడిపించిన కుట్రలో ఆ ప్రభుత్వమే కూలిపోయింది. అరటి తోటల చరిత్రలో చనిపోయినవాళ్ళ లెక్క కూడా తేలకపోవడం మొదటినుంచీ ఉన్నదే.

కంపెనీల పెత్తనం ఒక్కటే అయితే అది మామూలు దోపిడీ కథ. ఈ పంటలో ఇంకో చిక్కు కూడా ఉంది. మనం తినే అరటికి విత్తనం లేదు. పిలక నుంచి పిలకగా, ఇప్పుడు టిష్యూ కల్చర్ మొక్కగా వస్తుంది. అందువల్ల తోటలోని లక్ష మొక్కలూ అచ్చం ఒకే మొక్క. ఒక దానికి సోకిన తెగులు అన్నిటికీ సోకుతుంది. మొదట ఎగుమతి చేసిన గ్రోస్ మిషెల్ అనే రకం పనామా తెగులుకు బలై 1960ల నాటికి మార్కెట్టు నుంచి తప్పుకుంది. దాని స్థానంలో కావెండిష్ వచ్చింది. కావెండిష్‌కు సిగటోక ఆకుమచ్చ తెగులు పట్టుకుంది. ఆ శిలీంధ్రాన్ని అణచడానికి మధ్య అమెరికా తోటల మీద ఏడాదికి నలభై సార్లు, కొన్నిచోట్ల అంతకు మించి విమానాలతో మందు చల్లుతారు. నేలలోని నులిపురుగులకు ఒక మందు, కలుపుకు ఒక మందు, గెలకు తొడిగే నీలం ప్లాస్టిక్ సంచికి పూసిన మందు ఒకటి, కోసిన తర్వాత కాయ కుళ్ళకుండా మరొకటి. ఒకే రకం మొక్క మీద ఆధారపడిన వ్యవసాయానికి విషం ఊతకర్ర అయిపోయింది. ఆ విషం ఎవరి ఒంట్లోకి పోయిందో, దాన్ని ఎవరు లెక్కపెట్టారో చూడాలి.

నులిపురుగులను చంపడానికి వాడిన డిబిసిపి అనే మందు సంగతి తీసుకుందాం. షెల్ కంపెనీ దీన్ని నెమగాన్ పేరుతో, డౌ కంపెనీ ఫ్యూమజోన్ పేరుతో అమ్మాయి. ఎలుకల్లో ఈ మందు వృషణాలను కుదించుకుపోయేలా చేస్తోందని ఆ కంపెనీలకు సంబంధించిన పరిశోధకులే 1961లో ప్రచురించారు. అయినా అమ్మకాలు ఆగలేదు. 1977లో కాలిఫోర్నియాలోని లాత్రోప్‌లో ఆ మందు తయారయ్యే ఫ్యాక్టరీ కార్మికులు తమలో చాలామందికి పిల్లలు పుట్టడం లేదని గ్రహించి పరీక్షలు చేయించుకుంటే వీర్యకణాలు నశించిపోయాయని తేలింది. కాలిఫోర్నియా వెంటనే ఆపేసింది. 1979లో హవాయిలోని అనాస తోటలకు తప్ప అమెరికా అంతటా వాడకం ఆగిపోయింది. కానీ అది అమెరికాకే. 1977 తర్వాత కూడా అరటి కంపెనీ ఒకటి ఒప్పందం గుర్తుచేసి మరీ సరుకు తెప్పించుకుంది. మధ్య అమెరికా తోటల్లో కార్మికులు చేతికి తొడుగులు కూడా లేకుండా ఆ మందును నేలలోకి ఎక్కిస్తూనే ఉన్నారు. కాలిఫోర్నియా కార్మికుడి శరీరానికి ఉన్న విలువ కోస్టారికా కార్మికుడి శరీరానికి లేదన్నది ఇందులో మొదటి నీతి. దీన్ని మన పత్రికలు, ప్రగతిశీల సంఘాలు బాగానే చెప్పాయి.

రెండో నీతి గురించి అంతగా మాట్లాడుకోలేదు. వేలమంది మగవాళ్ళు సంతానం కలిగే శక్తి కోల్పోయారు. అది చిన్న నష్టమని నేననను. వాళ్ళు కోర్టులకు వెళ్ళారు. కోస్టారికా కార్మికులు, వాళ్ళ భార్యలు కలిసి అమెరికాలో వేసిన దావాను అక్కడే విచారించవచ్చని 1990లో టెక్సాస్ సుప్రీంకోర్టు చెప్పింది. తర్వాత కంపెనీలు రాజీకి వచ్చి కొంత పరిహారం ఇచ్చాయి. ఈ దావాలన్నిటిలోనూ నష్టానికి రుజువు వీర్యకణాల లెక్క. సూక్ష్మదర్శిని కింద పెట్టి లెక్కపెట్టగలిగిన నష్టం, జీతాల పట్టికలో పేరున్న మనిషికి జరిగిన నష్టం కోర్టు దాకా వెళ్ళగలిగింది. మరి ఆ మందు ఊట కలిసిన నీళ్ళు తాగినవాళ్ళు, ఆ బట్టలు ఉతికినవాళ్ళు? వాళ్ళకు ఏమైందో చెప్పడానికి ఏ పట్టికా లేదు, ఏ కొలమానమూ సిద్ధం చేయలేదు. భార్యలు దావాలో కక్షిదారులుగా ఉన్నారు గానీ అక్కడా వాళ్ళు భర్తలకు జరిగిన నష్టంలో భాగస్వాములే తప్ప, తమ శరీరానికి తాము సొంతదారులుగా నిలబడలేకపోయారు.

ఇదే మన ఊళ్ళో జరిగి ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. మందు కొట్టి వచ్చిన భర్తకు వీర్యకణాలు లేవని పరీక్ష చేయించేవరకూ ఎవరు ఆగుతారు? పెళ్ళై మూడేళ్ళకు కడుపు పండకపోతే గొడ్రాలు అన్నమాట భార్యకే. మొక్కులు ఆమెవే, నాటుమందులు ఆమె మింగాల్సినవే, చివరికి ఆమె మీదికి సవతి రావచ్చు. కంపెనీ చేసిన నేరాన్ని పితృస్వామ్యం ఎంత సులువుగా ఆడదాని నెత్తిన పెట్టగలదో చూడండి. కంపెనీకి ఇంతకంటే నమ్మకమైన బంట్రోతు ఎక్కడ దొరుకుతాడు?

స్త్రీల శరీరాల్లో ఏం జరుగుతోందో కొలవాలనుకుంటే కొలవవచ్చని కోస్టారికాలోనే ఒక పరిశోధన చూపింది. అరటి తోటలు దట్టంగా ఉండే మటీనా ప్రాంతంలో ఆ దేశపు జాతీయ విశ్వవిద్యాలయం పరిశోధకులు 451 మంది గర్భిణీ స్త్రీల మూత్రాన్ని పరీక్షించి 2014లో ఫలితాలు ప్రచురించారు. తోటల మీద విమానాలతో చల్లే మాంకోజెబ్ అనే శిలీంధ్రనాశిని విరిగినప్పుడు వచ్చే ఇటియు అనే పదార్థం, వేరే దేశాల సాధారణ జనంలో కనిపించిన దానికి ఐదు రెట్లకు మించి వాళ్ళలో ఉంది. నూటికి 72 మందిలో అది సురక్షితమని అనుకునే మోతాదును దాటింది. థైరాయిడ్ గ్రంథిని దెబ్బతీసే పదార్థం అది. తల్లి థైరాయిడ్ సరిగ్గా పనిచేయడం కడుపులోని బిడ్డ మెదడు ఎదుగుదలకు చాలా అవసరం. తోటకు యాభై మీటర్ల లోపు ఇల్లున్న స్త్రీలలో అది ఇంకా ఎక్కువ. అన్నిటికంటే నన్ను ఆపి ఆలోచింపజేసింది మరొక వివరం. ముందు రోజు పొలం బట్టలు ఉతికిన స్త్రీలలో మిగతావాళ్ళకంటే ఎక్కువ ఉంది.

బట్టలు ఉతకడం ఏ దేశపు జాతీయాదాయంలో పని? ఏ కంపెనీ ఆ చాకిరీకి కూలి కడుతోంది? రాయలసీమ పల్లెల్లో పరిశోధన కోసం తిరిగేటప్పుడు 'మీరు ఏం పని చేస్తారు' అని అడిగితే చాలామంది స్త్రీలు 'ఏం పని అక్కా, ఇంటికాడనే ఉంటా' అంటారు. ఇంకాస్త కూర్చుని మాట్లాడితే తెలుస్తుంది. మందు కలపడానికి డ్రమ్ముకు నీళ్ళు మోసేది ఆమె. భర్త మందు కొట్టి వచ్చాక చొక్కా, లుంగీ నానబెట్టి ఉతికేది ఆమె. ఖాళీ అయిన డబ్బాను కడిగి గింజలు పోసుకోవడానికి దాచేదీ ఆమె. జనాభా లెక్కల ఫారంలో ఆమె పని చేయని మనిషి. పని చేయని మనిషికి వృత్తి వ్యాధి ఎలా వస్తుంది? కొలిచేవాళ్ళు అడిగే ప్రశ్నలోనే సమాధానాన్ని చెరిపేసే ఏర్పాటు ఉంది.

నేల సంగతి వేరుగా చెప్పనక్కరలేదు, అది కూడా శరీరాల కథలోనే వస్తుంది. కరీబియన్ సముద్రంలో ఫ్రాన్సు ఏలుబడిలోని గ్వాడెలూప్, మార్టినిక్ దీవుల్లో అరటి ముక్కుపురుగు మీద క్లోర్డెకోన్ అనే మందు వాడారు. 1975లో అమెరికాలోని హోప్‌వెల్ పట్టణంలో దాన్ని తయారుచేసే కర్మాగారంలో కార్మికులు ఒణుకు రోగం వచ్చి పడిపోవడంతో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. మార్టినిక్ కార్మికులు అంతకుముందే, 1974 సమ్మెలోనే, విషపు మందులు వద్దన్నారు. ఆ సమ్మెలో పోలీసులు కాల్పులు జరిపి ప్రాణం తీశారు. ఫ్రాన్సు ప్రధాన భూభాగంలో 1990లో నిషేధించిన మందును దీవుల తోటల యజమానుల కోసం 1993 దాకా కొనసాగించారు. ఆ దీవుల పెద్దవాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా రక్తంలో ఇప్పుడది ఉందని ప్రభుత్వ ఆరోగ్య సంస్థే 2018లో చెప్పింది. నేలలోంచి పోవడానికి వందల ఏళ్ళు పడుతుందంటున్నారు. గర్భిణుల రక్తంలో అది ఎక్కువగా ఉన్నచోట నెలలు నిండకుండా కాన్పులు ఎక్కువయ్యాయని గ్వాడెలూప్‌లో జరిగిన పరిశోధన 2014లో తెలిపింది. కాలుష్యం ఉన్న నేలలో పెరటి దుంపలు తినవద్దన్నారు, కొన్నిచోట్ల చేపలు పట్టవద్దన్నారు. ఏం వండాలో, ఏం వండకూడదో, పిల్లల పళ్ళెంలో ఏం పెట్టాలో అన్న బెంగ ఎవరిదై ఉంటుందో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కరలేదు. 2023 జనవరిలో న్యాయమూర్తులు నేరవిచారణను మూసేశారు. అంత పాత సంగతులకు నేరం రుజువు చేయడం కష్టమన్నారు. 2025 మార్చిలో పారిస్ అప్పీలు కోర్టు మాత్రం, మందు తమ ఒంట్లో ఉందన్న దిగులుతో బతుకుతున్నవాళ్ళకు ప్రభుత్వం పరిహారం ఇవ్వాల్సిన సందర్భాలున్నాయని ఒప్పుకుంది. భయపడుతూ బతకడం కూడా నష్టమేనని ఒక కోర్టు గుర్తించడానికి వాడకం ఆగిన తర్వాత ముప్ఫై ఏళ్ళు పట్టింది.

ఇదంతా చదివి స్త్రీలు నోరులేని బాధితులని అనుకోవద్దు. అరటి తోటల్లో స్త్రీలకు ఎక్కువగా దొరికే పని ప్యాకింగ్ షెడ్డులో. గెలనుంచి అత్తాలు కోయడం, నీళ్ళ తొట్లలో కడగడం, తూచడం, చీటీ అంటించడం, పెట్టెల్లో సర్దడం. రోజంతా చేతులు నీళ్ళలో నానుతాయి, కాయ కుళ్ళకుండా వేసే మందు పక్కనే ఉంటుంది. ఓడ వచ్చే రోజు పని ఎప్పుడు ముగుస్తుందో చెప్పలేరు. చంటిబిడ్డను ఎవరి దగ్గర వదిలారో అడిగే దిక్కుండదు. సూపర్‌వైజర్ల వేధింపులు సరేసరి. హోండూరాస్ తదితర దేశాల్లో ఈ స్త్రీలు తమ యూనియన్లలోనే మహిళా కమిటీలు పెట్టుకుని, ఇంట్లో భర్తతో, యూనియన్ ఆఫీసులో తోటి నాయకులతో కూడా పోట్లాడి తమ సమస్యలను చర్చలోకి తెచ్చారు. అరటి కార్మిక సంఘాల సమాఖ్య 2001లో చికిటా కంపెనీతో కుదుర్చుకున్న ఒప్పందానికి 2013లో లైంగిక వేధింపుల మీద ప్రత్యేక నిబంధన చేరింది. మన దేశంలో పనిచేసే చోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం వచ్చిందీ ఆ ఏడాదే. అందులో అసంఘటిత రంగ స్త్రీల కోసం జిల్లాకో స్థానిక కమిటీ ఉండాలన్నారు. తోటల్లో, షెడ్లలో పనిచేసే ఎంతమంది కూలీ అక్కలకు ఆ కమిటీ ఉన్న సంగతి తెలుసు?

విమానాలతో మందు చల్లడం మన దేశంలో జరగలేదనుకుంటే పొరపాటు. కేరళ కాసరగోడ్ జిల్లాలో ప్రభుత్వ తోటల సంస్థ జీడిమామిడి తోటల మీద 1970 దశకం చివరినుంచి 2000 దాకా హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లించింది. కొండవాలు తోటలు, కింద ఇళ్ళు, మూతలేని బావులు. ఎదుగుదల లేని పిల్లలు, మంచం దిగలేని పిల్లలు ఇంటింటా కనబడసాగారు. దాని మీద మొదట కోర్టుకెక్కి 1998లో చల్లకుండా ఉత్తర్వు తెచ్చినది లీలాకుమారి అమ్మ, వ్యవసాయ శాఖలో చిన్న ఉద్యోగి. 2011లో సుప్రీంకోర్టు ఎండోసల్ఫాన్‌ను దేశమంతటా ఆపింది. 2017లో బాధితులకు ఐదేసి లక్షలు మూడు నెలల్లో ఇమ్మంది. 2022లో మళ్ళీ విచారణకు వచ్చేసరికి 3,704 మంది బాధితుల్లో ఎనిమిదిమందికే ఆ డబ్బు అందిందని కోర్టే మందలించింది. ఈ మధ్యకాలంలో తల్లులు బిడ్డలను ఎత్తుకుని తిరువనంతపురం వెళ్ళి సచివాలయం ముందు దీక్షలు చేయాల్సి వచ్చింది. బాధితుల జాబితాలో పేరుకోసం కూడా పోరాడాలి. జాబితాలో బిడ్డ పేరైతే ఉంటుంది. ఇరవై ఏళ్ళు వచ్చినా బిడ్డను ఎత్తి స్నానం చేయించి, అన్నం తినిపించి, కూలికి పోలేక ఇంటికి కట్టుబడిపోయిన తల్లి పేరు ఏ జాబితాలోనూ లేదు.

ఇక మన సంగతి. అనంతపురం దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ. అరటికి దానికి రెండు మూడింతల నీళ్ళు కావాలి. అయినా పుట్లూరు, నార్పల వైపు, అటు కడప జిల్లా పులివెందుల వైపు జి-9 అరటి తోటలు విస్తరించాయి. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ఎగుమతి అరటితో ముంబై రేవుకు ప్రత్యేక రైలే బయలుదేరింది. జి-9 అంటే గ్రాండ్ నైన్, కావెండిష్ కుటుంబపు మొక్క. మధ్య అమెరికా తోటల్లో పెరిగే మొక్క, మన మెట్టలో పెరిగే మొక్క ఒక్కటే. అక్కడ దాన్ని వెంటాడిన తెగుళ్ళు ఇక్కడా వెంటాడతాయి. పనామా తెగులు కొత్త రూపం బీహార్, ఉత్తరప్రదేశ్ తోటల్లో ఇప్పటికే కనిపించింది.

రైతు ఎందుకు ఈ పంట వైపు మొగ్గాడో నాకు తెలుసు. వేరుశనగ నమ్ముకుని ఏడాది తర్వాత ఏడాది వాన కోసం ఎదురుచూసి అప్పులపాలైన రైతుకు, ఉరితాళ్ళు చూసిన కుటుంబాలకు, గెలకు ఇంత అని చేతికి వచ్చే డబ్బు ఊరట. హంద్రీ-నీవా నీళ్ళు కొన్ని చెరువులకు చేరడంతో కొంత ధైర్యం కూడా వచ్చింది. డ్రిప్ వల్ల నీళ్ళు ఆదా అయ్యే మాటా నిజమే. తోటల వల్ల స్త్రీలకు కూలి రోజులు పెరిగాయనీ అంటారు. కొన్నిచోట్ల అది కూడా నిజం. కాబట్టి తోటలు పీకేయమనో, మళ్ళీ వేరుశనగకు పొమ్మనో చెప్పడం ఇంట్లో కూర్చుని చెప్పే నీతి అవుతుంది.

కానీ ఆదాయం లెక్క రాసేటప్పుడు ఖర్చు కాలమ్ కూడా పూర్తిగా రాయాలంటున్నాను. ఆదా అయిన నీళ్ళతో ఇంకో రెండెకరాలు అరటి వేస్తే భూమిలోని నీటికి జరిగిన ఆదా ఏమిటి? లోతు బోర్లు తోటకు నీళ్ళు తోడుతుంటే ఊరి చేతిపంపు ఎండిపోతుంది. బిందె పట్టుకుని దూరం నడిచేది రైతు కాదు, తోట యజమాని అంతకన్నా కాదు. భూగర్భజలాల మీద 2002లో ఉమ్మడి రాష్ట్రంలో వాల్టా చట్టం చేసుకున్నాం. తాగునీటి బోరు పక్కన కొత్త బోరు వేయకూడదని అందులో ఉంది. ఆ గ్రామంలో అది అమలవుతోందో లేదో చెప్పగలిగినవాళ్ళు నీళ్ళు మోసే ఆడవాళ్ళే. వాళ్ళను ఎవరూ అడగరు. భూమి వాళ్ళ పేర ఉండదు కనుక రైతు సమావేశానికి పిలుపు రాదు. దేశం మొత్తం మీద సాగు కమతాల్లో ఆడవాళ్ళ చేతిలో ఉన్నవి 14 శాతం లోపేనని 2015-16 వ్యవసాయ గణన చెప్పింది.

మందుల సంగతీ అంతే. పురుగుమందుల చట్టం 1968లో, దాని నిబంధనలు 1971లో వచ్చాయి. పిచికారీ పనిలో ఉన్నవాళ్ళకు పనిలో పెట్టుకునే ముందు, ఆ తర్వాత కూడా వైద్య పరీక్ష చేయించాలని, రక్షణ దుస్తులు ఇవ్వాలని అందులో రాశారు. మన పల్లెల్లో ఆ పరీక్ష చేయించుకున్న కూలీని నేను ఇంతవరకూ కలుసుకోలేదు. అది అమలైనా, పిచికారీ చేసే చేతుల వరకే. ఆ చొక్కా ఉతికే చేతులు ఆ నిబంధనలకు కనబడలేదు. మటీనా గర్భిణుల ఒంట్లో దొరికిన మాంకోజెబ్ మన దుకాణాల్లోనూ ఉంది. కేంద్రం 2020లో నిషేధించదలచిన 27 మందుల ముసాయిదాలో అది కూడా ఉంది. 2023 ఉత్తర్వులో దాన్ని కొన్ని పంటలకు వాడకూడదన్నారే గానీ నిషేధించలేదు.

ప్రతి వేసవిలోనూ మన దినపత్రికలు మామిడికాయలను కార్బైడ్‌తో మగ్గబెడుతున్నారని రాస్తాయి. అధికారులు గోదాముల మీద దాడులు చేస్తారు. తప్పకుండా చేయాల్సిందే. కానీ గమనించండి, పండ్ల వ్యాపారంలో ఒక్క కార్బైడే ఏటేటా వార్త అవుతున్నది అది తినేవాళ్ళ నోటి దగ్గరికి వచ్చే విషం కాబట్టి. తోటలో చల్లిన విషం పండు తొక్క ఒలిచేసరికి మనకు దూరమైపోతుంది. యూరప్ కొనుగోలుదారు కూడా కాయ మీద మిగిలిన మందు ఎంతో పరీక్షించి పెట్టె తీసుకుంటాడు. కూలీ ఒంట్లో మిగిలినది ఎంతో చూడడు. పరీక్షలో నెగ్గిన పండు వెనక పరీక్షే జరగని మనిషి ఉంటుంది.

అందుకే ఈ సందర్భంలో లెక్కపెట్టమని అడగడమే హక్కుల పోరాటం అంటున్నాను. మహిళా సంఘాలు, వ్యవసాయ కార్మిక సంఘాలు, పొదుపు గ్రూపులు కలిసి కొన్ని అడగాలి. తోటలో, షెడ్డులో పనిచేసే ప్రతి స్త్రీ పేరు మేస్త్రీ నోట్లో కాకుండా రాతపూర్వకంగా ఉండాలి. ఒకే పనికి ఒకే కూలి అన్నది 1976 సమాన వేతన చట్టం నాడే ఒప్పుకున్న మాట, అది తోటల్లో కూడా కనబడాలి. ఎగుమతి పంటల మండలాల్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో గర్భస్రావాలు, నెలలు నిండని కాన్పులు, చనిపోయి పుట్టిన బిడ్డలు, థైరాయిడ్ జబ్బులు ఊరివారీగా నమోదు చేసి ఏడాదికోసారి గ్రామసభలో చదవాలి. ఆ నమోదు ఆశా కార్యకర్త మీద జీతం లేని కొత్త బరువు కాకూడదు. మందు కొట్టే రోజు ముందుగా చాటింపు వేయించాలి, ఇళ్ళకు, బడికి, అంగన్‌వాడీకి దగ్గరగా కొట్టకుండా హద్దు పెట్టాలి. తోట బట్టలు తోటలోనే విప్పి, అక్కడే ఉతికే ఏర్పాటు యజమాని ఖర్చుతో ఉండాలి. పండు కొనే కంపెనీ కాయ పొడవు గురించి ఎన్ని షరతులు పెడుతోందో, కూలీల ఆరోగ్యం గురించి కూడా అన్ని షరతులు తన ఖర్చుతో పెట్టాలి. చిన్న రైతు నెత్తిన ఆ ఖర్చు రుద్దడానికి వీల్లేదు.

ఇవన్నీ అడిగితే పండు ధర పెరుగుతుందంటారు. పెరగవచ్చు. కూలి నుంచి వచ్చి పిల్లలకు పండు కొనే తల్లికి అది కష్టమే. అయితే ఆ తల్లికి చవక పండు, తక్కువ కూలి రెండూ ఒకే చేతినుంచి వస్తున్నాయని మరిచిపోవద్దు. ఆమె కూలి సరిగ్గా కట్టి, ఆమె ఒంటిని లెక్కలోకి తీసుకున్న తర్వాత ఎంత ధర తేలుతుందో అదే పండు ధర. ఆ ధర ఎంతో తెలియాలంటే తోటల్లో, షెడ్లలో, ఇళ్ళలో ఏం జరుగుతోందో ముందు నమోదు కావాలి. మధ్య అమెరికాలో, కరీబియన్ దీవుల్లో, కాసరగోడ్‌లో ఆ నమోదు నష్టం జరిగిన ముప్ఫై నలభై ఏళ్ళకు మొదలైంది. మన మెట్టభూముల్లో తోటలు ఇంకా కొత్తవి. ఇప్పుడే మొదలుపెడితే ఆ ముప్ఫై ఏళ్ళు మన చేతిలో ఉన్నట్టే.